ఐదూ యాభై రెండుకు పంపిన ఫిర్యాదు

నన్ను వరుసలోంచి ఒక అడుగు ముందుకు రమ్మన్న రోజును నేను మర్చిపోలేదు.

దుబాయ్ శివార్లలో చైనా సరుకులు అమ్మే పెద్ద బజారు ఒకటుంది. అందులో ఒక దీపాల షాపులో నేను ఆరేళ్ళు పనిచేశాను. యజమాని చైనాలోనే ఉంటాడు. ఇక్కడ అంతా నడిపేది ఆయన పెట్టిన మేనేజరు, ఇంచుమించు నా వయసే ఉన్న ఒక చైనా ఆవిడ. రోజూ పొద్దున షట్టరు ఎత్తకముందు మేం తొమ్మిదిమందిమీ షాపు ముందు వరుసగా నిలబడాలి. ఒకటి, రెండు, మూడు అంటూ ఎవరి అంకె వాళ్ళు గట్టిగా చెప్పాలి. మూడుసార్లు చప్పట్లు కొట్టాలి. అప్పుడు ఆవిడ చిన్న నోటుబుక్కు తెరిచి నిన్న ఎవరు ఏ తప్పు చేశారో చదువుతుంది. ఆ మనిషి ఒక అడుగు ముందుకు వచ్చి నిలబడాలి. చైనా షాపుల్లో ఇది మామూలేనట. నాకు మామూలు కాదు.

నా తప్పేమిటంటే, ఒక విల్లాకు తెల్ల వెలుగు బల్బుల బదులు పసుపు వెలుగువి పంపడం. ఆర్డరు కాగితం మీద కస్టమరే తప్పు రాశాడు. ఆ మాట చెప్పబోతే ఆవిడ అరచెయ్యి అడ్డం పెట్టి, "కాగితం మీద అనుమానం వస్తే ఫోన్ చేసి అడగాలి. నువ్వు అడగలేదు. అది నీ తప్పు," అంది. చుట్టుపక్కల షాపులవాళ్ళు షట్టర్లు ఎత్తుతూ చూస్తున్నారు. కాకినాడలో ఎనిమిదేళ్ళు స్కూలు టీచరుగా పనిచేసి, పిల్లల్ని బెంచీ ఎక్కించిన మనిషిని నేను. ఆ పూట నన్నే ఎవరో బెంచీ ఎక్కించారు.

షాపు గోడ మీద యజమాని ఈమెయిల్ అడ్రసు అంటించి ఉండేది. సిబ్బందికి ఏ ఇబ్బంది ఉన్నా నేరుగా ఆయనకే రాయవచ్చని దాని కింద ఇంగ్లిష్‌లో రాసి ఉంది. ఆ అవకాశాన్ని వాడుకున్న ఒకే ఒక్క మనిషిని నేను. బల్బుల సంగతి మొదటి ఫిర్యాదు. ఆ తర్వాత భోజనం టైము పది నిమిషాలు తగ్గించడం గురించి, నా కుర్చీ తీసి కస్టమర్లకు వేయడం గురించి, కస్టమర్ ఎదురుగా నన్ను "ఎక్కువ మాట్లాడకు" అనడం గురించి రాశాను. అన్నీ తేదీ, టైము వేసి మరీ రాశాను. దేనికీ జవాబు రాలేదు.

మా గోడౌన్ చూసుకునే కరీంనగర్ పెద్దాయన ఒకడుండేవాడు. యాభై దాటిన మనిషి, నన్ను చెల్లె అనేవాడు. నేను కంప్యూటర్ ముందు కూర్చోగానే ఆయనకు తెలిసిపోయేది.

"ఏంది చెల్లె, ఇయ్యాల గూడ రాస్తున్నవా? నీకు కంప్లైంట్ రాయకుంటే తిన్నది అరగదా?"

"మీరెవరూ రాయరు కాబట్టే అన్నా, నేను రాయాల్సి వస్తోంది."

"రాయి, రాయి. ముదీర్ చైనాల కూసొని నీ ముత్యాల అక్షరాలు ఫ్రేం కట్టిచ్చుకుంటుండు." యజమానిని ఆయన ముదీర్ అనేవాడు, బజారులో వినపడే అరబ్బీ మాట అది.

ఒక సంగతి దాచను. ఆ నోటుబుక్కులో ఆవిడ తన తప్పులు కూడా రాసుకునేది. నెలలో రెండు మూడుసార్లు తన పేరు తనే చదివి, తనే ఒక అడుగు ముందుకు వచ్చి నిలబడేది. నాకు అప్పట్లో అది నాటకంలా కనిపించింది. ఆ మాట కూడా ఒక ఫిర్యాదులో రాశాను.

భోజనాల దగ్గర మాత్రం మేమిద్దరం ఒక బల్ల దగ్గరే కూర్చునేవాళ్ళం, షాపు వెనక ఉన్నది ఒకటే బల్ల కాబట్టి. ఆవిడకు ఇంగ్లిష్ కొంచెమే వచ్చు. బజారులో నేర్చుకున్న హిందీ మాత్రం ధారాళంగా వచ్చు. నేను ఇక్కడ తెలుగులో రాస్తున్న ఆవిడ మాటలన్నీ ఆ బజారు హిందీలో అన్నవే. ఒకరోజు తింటూ తింటూ ఆవిడ ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. వాళ్ళ దేశంలో ఎక్కడో ఒకడు వీధి ఊడ్చే ముసలామె బండిని కాలితో తన్ని వెళ్ళిపోయాడు. వీడియోలో అతని వీపు తప్ప ఏమీ కనపడదు. రెండు రోజుల్లో అతనెవరో, ఎక్కడ పనిచేస్తాడో జనం కనిపెట్టేశారు. ఎదురుగా ఉన్న అద్దంలో ఒక బోర్డు నీడ పడిందట, కుడి ఎడమలు తిరగబడి. అందులోని సగం అక్షరం పట్టుకుని వీధి కనిపెట్టారు. ఉద్యోగం పోయింది. అతను ఆ ముసలామె దగ్గరకెళ్ళి తల వంచి నిలబడిన ఫొటో కూడా వచ్చింది.

దీనికి వాళ్ళ భాషలో ఒక పేరుంది. మనిషి మాంసంతో వెతకడం అని దాని అర్థమట. వినడానికి ఎలాగో ఉందన్నాను.

"మిషన్ వెతకదు. మనుషులు వెతుకుతారు. అందుకని ఆ పేరు," అంది.

నాకు ఒళ్ళు పులకరించింది. నిజం చెప్తున్నాను. డేరా అనే పేటలో నేనుండే బిల్డింగులో లిఫ్టు గురించి నేను పదిహేడు నెలలు ఉత్తరాలు రాశాను. మా పక్క ఫ్లాటువాడు నా బాల్కనీలోకి సిగరెట్ పీకలు విసిరితే వాచ్‌మన్‌కు చెప్పాను, వాచ్‌మన్ పైవాడికి చెప్పాను, ఆ పైవాడికి ఫొటోలు పెట్టాను. ఎవరికీ పట్టలేదు. ఇక్కడేమో ఒక ముసలామె బండిని తన్నినందుకు లక్షలమంది అన్నం మానేసి అద్దంలో అక్షరాలు వెతుకుతున్నారు. ఫిర్యాదు అంటే అలా ఉండాలి అనిపించింది. ఆ ఓపికకు, ఆ చూపుకు నేను ఇప్పటికీ నమస్కారం పెడతాను.

"మీరెప్పుడైనా ఎవరినైనా కనిపెట్టారా?" అని అడిగాను.

"ఒకసారి," అంది. డబ్బా మూత పెట్టి లేచి వెళ్ళిపోయింది.

ఆ చలికాలంలోనే, ఒక శనివారం సాయంత్రం డేరా రేవులో ఆ గొడవ జరిగింది. ఊరి మధ్యకు వచ్చే సముద్రపు పాయ, క్రీక్ అంటారు, దాన్ని దాటించే అబ్రా పడవలో ఒక చైనా ఆడమనిషి నిలబడి ఫొటోలు తీసుకుంటోంది. పడవ ఊగుతోంది, కూర్చోమని పడవ నడిపే ముసలాయన సైగ చేశాడు. ఆమె వినలేదు. ఆయన రెండోసారి గట్టిగా చెప్పాడు. ఆమె చేతిలో ఉన్న జ్యూస్ డబ్బా ఆయన ముఖాన కొట్టింది. ఆయన గడ్డం మీంచి జ్యూస్ కారుతుంటే చేతి వెనక వైపుతో తుడుచుకుని పడవ నడుపుతూనే ఉన్నాడు. ఎదురుగా కూర్చున్న ఒక చైనా టూరిస్టు దాన్ని తీసి, ఆ సాయంత్రమే వాళ్ళ దేశపు సైట్లో పెట్టాడు. పరదేశంలో మన పరువు తీసింది, ఈమె ఎవరో కనుక్కోండి అని కింద రాశాడు.

వీడియోలో ఆమె ముఖం సగం నల్లకళ్ళద్దాలే. కనపడినవి మూడు: కత్తిరించిన జుట్టు, మెడలో కార్డు తగిలించుకోవడానికి బజారువాళ్ళు ఇచ్చే ఆకుపచ్చ పట్టీ, కాళ్ళ దగ్గర ఒక అట్టపెట్టె. ఆ పెట్టె మీద మా షాపు గుర్తు ఉంది. మా షాపులో చైనా ఆడమనిషి ఒక్కరే. ఆవిడకూ కత్తిరించిన జుట్టే. నిజానికి ఆకుపచ్చ పట్టీ బజారులో కొన్నవాళ్ళకు కూడా ఊరికే ఇస్తారు, పెట్టె ఏ కస్టమర్ చేతిలోనైనా ఉండవచ్చు. చైనాలో కూర్చున్నవాళ్ళకు అది తెలియదు.

మాకు మూడు షాపుల అవతల కుళాయిలు అమ్మే ఒక చైనావాడు ఉండేవాడు. అతను బజారువాళ్ళ కొత్త సంవత్సరం విందులో తీసిన మా మేనేజరు ఫొటో ఒకటి పెట్టి, ఈమె కావచ్చు అని ఒక్క మాట రాశాడు. పూర్తి ముఖం దొరికింది. ఇక ఆదివారం మధ్యాహ్నానికల్లా ఆవిడ పేరు, సొంత ఊరు, ఊళ్ళో వాళ్ళమ్మ నడిపే కుట్టుమిషన్ల షాపు ఫోన్ నంబరు, అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకుంటున్న తొమ్మిదేళ్ళ కూతురి స్కూలు, అన్నీ బయటికి వచ్చేశాయి. వాళ్ళమ్మ షాపు షట్టరు మీద ఎవరో పెయింటుతో ఏదో రాశారు. కూతురి క్లాసు తల్లిదండ్రుల గ్రూపులో ఆ పిల్లను కొన్నాళ్ళు ఇంట్లో ఉంచమన్నారు. యజమాని ఫోన్ చేసి, వారంలోగా ఈ మచ్చ పోకపోతే వీసా కేన్సిల్ చేసి ఇంటికి పంపిస్తానన్నాడు.

సోమవారం పొద్దున మామూలుగానే వరుస కట్టాం. అంకెలు చెప్పాం, చప్పట్లు కొట్టాం. ఆవిడ నోటుబుక్కు తెరిచింది.

"షాపు పేరు ఇంటర్నెట్‌లో చెడ్డగా వచ్చింది. చేసింది మేనేజరు అంటున్నారు," అని చదివి, ఒక అడుగు ముందుకు వచ్చి మాకు ఎదురుగా నిలబడింది. "పడవలో ఉన్నది నేను కాదు. ఎవరికైనా అనుమానం ఉంటే ఇప్పుడే అడగండి. వెనకాల వద్దు."

పక్క షాపులవాళ్ళు ఫోన్లు పైకెత్తారు. ఆవిడ వాళ్ళ వైపు చూడలేదు.

కరీంనగర్ అన్న గొంతు సవరించుకుని హిందీలో అడిగాడు. "మేడం, తప్పుగా అనుకోవద్దు. ఆ టైంల మీరెక్కడున్నరు?"

"షాపులో."

"ఎవరు చూసిండ్రు?"

ఆవిడ నోటుబుక్కు మూసింది. శనివారం సాయంత్రం మిగతావాళ్ళంతా ఒక హోటలుకు సరుకు దింపడానికి పోయారు. షాపులో ఉన్నది ఆవిడ, నేను. నా వైపు చూస్తుందనుకున్నాను. చూడలేదు. నేనూ నోరు విప్పలేదు. ఎందుకు విప్పలేదంటే, నేను ఒక అడుగు ముందుకు వచ్చి నిలబడిన పొద్దున నా మాట కూడా ఎవరూ వినలేదు. ఒక్క పూట ఆమెకూ అదెలా ఉంటుందో తెలియనీ అనుకున్నాను. ఆ పూటలో వాళ్ళమ్మకు ఎన్ని ఫోన్లు వచ్చి ఉంటాయో అప్పుడు ఆలోచించలేదు.

మధ్యాహ్నం అన్న గోడౌన్ నుంచి వచ్చి నా బల్ల మీద రెండు చేతులూ ఆనించాడు.

"చెల్లె, శనివారం పొద్దుగూకేటప్పుడు నువ్వీడనే ఉన్నవు గదా?"

"ఉన్నాను."

"ఆమె?"

"ఆమె కూడా. నన్ను నిలబెట్టి, పగిలిన దీపాలన్నీ మళ్ళీ లెక్కబెట్టించింది. కాళ్ళు పీక్కుపోయాయి. ఆ సంగతి వెంటనే రాసి పంపించాను కూడా."

"ఎవలికి పంపినవ్?"

"యజమానికి. ఇంకెవరికి?"

అన్న వంగి నా కంప్యూటర్ వైపు చూశాడు. "ఎన్ని గంటలకు?"

నేను కంప్యూటర్లో తీసి చూశాను. పద్నాలుగో ఫిర్యాదు. శనివారం, సాయంత్రం ఐదూ యాభై రెండు. "ఇప్పుడు కూడా ఆమె నా ఎదురుగా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడే ఉంది" అన్నది చివరి వాక్యం. వీడియోలో సూర్యుడు అప్పుడే కిందికి దిగుతున్నాడు, ఆ చలికాలంలో అది ఆరింటికి కాస్త ముందు. బజారు నుంచి డేరా రేవుకు టాక్సీలో వెళ్ళినా అరగంట పైనే.

"యా అల్లా," అన్నాడు అన్న, ఆయన హిందువే అయినా. "పో. పోయి చూపియ్యి."

చూపించడానికి ఇబ్బంది ఏమిటంటే, ఆ ఉత్తరంలో టైము ఒక్కటే లేదు. ఆమెకు మనుషులంటే లెక్క లేదని ఉంది. గొంతు రాయి కోసే మిషన్‌లా ఉంటుందని ఉంది. వరుసలో తన తప్పులు తను చదవడం నాటకమని ఉంది. నేను ప్రింటు తీసి ఆవిడ ముందు పెట్టి పక్కకు తిరిగి నిలబడ్డాను. ఆవిడ ఫోన్‌లో తర్జుమా పెట్టుకుని ఒక్కొక్క వాక్యం చదివింది. చాలాసేపు పట్టింది.

"నేను అరవలేదు. గట్టిగా చెప్పాను," అంది చివరికి.

"అరిచారు."

"రాయి కోసే మిషన్ అంత?"

"దాదాపు."

ఆవిడ ఇంకోసారి మొదటి నుంచి చదివింది. "నువ్వు శనివారం నాతోనే ఉన్నావని తెలుసు. నేను అడగలేదు. నా కింద పనిచేసే మనిషి నా కోసం చెప్పే మాటను ఎవరూ నమ్మరు. నేనే చెప్పించానంటారు. కానీ ఇది నా మీద కోపంతో రాసింది. నాకు తెలియకుండా రాసింది. ఇది నమ్ముతారు."

"టైము ఉన్న ముక్క, చివరి వాక్యం కత్తిరించి పెడదాం. మిగతాది ఎందుకు?" అన్నాను. ఆ మాటలు లక్షలమంది చదువుతారంటే నాకే ఎలాగో అయింది.

"కత్తిరిస్తే, ఏం దాచారు అని అడుగుతారు. వాళ్ళ సంగతి నాకు తెలుసు. మొత్తం పెట్టాలి."

ఆవిడ మొత్తం పెట్టింది. ఇంగ్లిష్ పక్కన చైనా భాషలోకి తనే మార్చి రాసింది. రాయి కోసే మిషన్‌ను కూడా మెత్తబరచలేదు. చైనా భాషలో దానికి సరైన మాట కోసం నన్ను రెండుసార్లు అడిగింది, ఏ రాయి, పెద్ద మిషనా, చేతితో పట్టుకునేదా అని. ఒక మచ్చ తుడుచుకోవడానికి ఇంకో మచ్చను తన చేతులతో తనే పూసుకోవడం నేను అంతకుముందు ఎవరిలోనూ చూడలేదు. నేనైతే చచ్చినా చేసేదాన్ని కాదు.

ఆ ఉత్తరం దొంగదని మొదట అన్నారు. అప్పుడు ఆవిడ యజమానిని ఒప్పించి, ఆయన ఈమెయిల్ పెట్టెలోకి ఉత్తరం ఎప్పుడు చేరిందో ఫొటో తీయించి పెట్టించింది. ఆ ఫొటోలో నాకు ఇంకో సంగతి తెలిసింది. నా పద్నాలుగు ఉత్తరాలూ వరసగా లావు అక్షరాల్లో ఉన్నాయి. ఒక్కటీ తెరవలేదు. నాలుగేళ్ళు తేదీలూ టైములూ వేసి రాశాను. ఆ మనిషిని దాని గురించి నేను ఇవాళ్టికీ క్షమించలేదు. కానీ తెరవకపోవడమే మంచిదైంది. తెరవని ఉత్తరాన్ని ఎవరూ మార్చి ఉండరని జనం అన్నారు.

చైనాలో ఎక్కడో ఒక స్టూడెంటు, ఎవరో ఏమిటో మాకు తెలియదు, రెండు రోజులు కూర్చుని ఆ వీడియోను ముక్కముక్కగా చూశాడు. పడవ ఏ రేవు నుంచి బయల్దేరిందో, ఒడ్డున మసీదు మినారు నీడ ఎటు పడుతోందో గీతలు గీసి లెక్కకట్టాడు. ఉత్తరం రాసిన టైముకు పడవ నీళ్ళ మధ్యలో ఉందని, ఒకే మనిషి రెండుచోట్ల ఉండదని రాశాడు. మొదటి రోజు తను కూడా ఆవిడను తిట్టానని, అందుకే ఈ పని పెట్టుకున్నానని కింద రాశాడు. ఆవిడ అది నాకు చదివి వినిపించింది. ఆ వెతికేవాళ్ళ మీద నాకున్న గౌరవం ఆ రోజు ఇంకో మెట్టు పెరిగింది. తప్పు పట్టే చూపుతోనే ఆ తప్పును సరిదిద్దే మనిషి కూడా ఆ గుంపులోనే ఉన్నాడు.

సగంమంది నమ్మారు. మిగతా సగం, ఆమె కాకపోతే మరెవరో చూపించమనండి అన్నారు.

నేను ఈలోగా పోలీసుల దగ్గరకు పోదామని పోరు పెట్టాను. ఇక్కడి చట్టం ప్రకారం ఒకరి ఫొటో వాళ్ళను అడగకుండా నెట్‌లో పెట్టడం నేరం, జైలు, ఆపైన దేశం నుంచి పంపేయడం. కుళాయిలవాడు అందులో పూర్తిగా దొరుకుతాడు. ఫిర్యాదు నేనే రాస్తానన్నాను. సగం రాశాను కూడా.

"వద్దు," అంది ఆవిడ.

"ఎందుకు వద్దు? మీ అమ్మగారి షట్టరు మీద రంగు పూశారు."

"అతను పూయలేదు. ఖలాస్, ఈ మాట వదిలెయ్."

గురువారం కుళాయిలవాడు తనే మా షాపుకు వచ్చాడు. రెండు చేతులతో ఫోన్ పట్టుకుని ఉన్నాడు. అప్పటికే తను పెట్టిన ఫొటో తీసేశాడు. ఆవిడతో వాళ్ళ భాషలో గబగబా ఏదో చెప్పి, నన్ను కూడా పిలిచి హిందీలో చెప్పాడు. పడవలో ఉన్న ఆమెదే అంటున్న ఒక అకౌంట్ దొరికింది. పేరు లేదు, ముఖం లేదు. ఒక గది ఫొటో మాత్రం ఉంది. మంచం, కిటికీ, గోడకు ఒక దీపం. గాజు తామరపువ్వు, తొమ్మిది రేకులు.

"నువ్వు దీపాలమ్మేదానివి. ఇది ఏ బిల్డింగో నీకు తెలియదా? ఒక్క మాట చెప్పు, సాయంత్రానికల్లా అసలు మనిషి బయటపడుతుంది. నీ పేరు కడిగినట్టు అవుతుంది," అన్నాడు ఆవిడతో. పాపం, తను చేసిన దానికి విరుగుడు తెచ్చాననే అనుకున్నాడు.

నాకు ఆ దీపం చూడగానే తెలిసింది. రేకుల అంచుకు లేత గులాబీ రంగు కావాలని అడిగి చేయించుకున్నారు. నలభై ముక్కలు, నైఫ్ అనే పేట దగ్గర గదులు అద్దెకిచ్చే ఒక బిల్డింగుకు. డెలివరీ కాగితం టైపు చేసింది నేనే. ఆవిడకూ తెలుసు. ఆవిడ ఫొటోను పెద్దది చేసి చూసింది, ఇంకా పెద్దది చేసింది.

"చెప్పండి," అన్నాను నేను. నా నాలుక చివరి దాకా వచ్చింది ఆ బిల్డింగు పేరు.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని వెనక బల్ల దగ్గరకు తీసుకెళ్ళింది.

"నేను ఒకసారి ఒకరిని కనిపెట్టానని చెప్పాను, గుర్తుందా? దుబాయ్ రాకముందు. ఒక ఆడమనిషి అత్తగారిని కొడుతున్న వీడియో. గోడకు ఒక దీపం ఉంది. అది మా ఊరి ఫ్యాక్టరీలో ఒక బిల్డింగు కోసం చేసింది. నేనే చెప్పాను. అందరూ మెచ్చుకున్నారు. ఆ బిల్డింగులో అరవై ఇళ్ళు. అన్నింట్లో అదే దీపం. వాళ్ళు వెళ్ళి ఒక ఇల్లు పట్టుకున్నారు. ఆ ఇల్లు కాదు. ఆ ఇంటివాళ్ళు ఊరు వదిలి పోయాక తెలిసింది. నేను చెప్పిన దీపం తప్పు కాదు."

"ఇప్పుడున్నది నలభై గదులు," అన్నాను మెల్లగా.

"నలభై."

"కానీ మీ ఉద్యోగం? మీ పాప స్కూలు?"

అప్పుడే యజమాని ఫోన్ వచ్చింది. కుళాయిలవాడు ఆ దీపం ఫొటో ఆయనకు కూడా పంపాడట. ఆవిడ నిలబడి మాట్లాడింది. గొంతు పెంచలేదు. మాటలు చిన్నవి. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, కుళాయిలవాడి ముఖం మాత్రం మారిపోతోంది. నేను అతని మోచేయి తట్టి ఏమంటోందని అడిగాను.

"నీకు ఆ దీపం తెలుసా అని అడిగాడు. తెలుసు అంది," అన్నాడు అతను. "ఎక్కడిది అని అడిగాడు. చెప్పను అంది."

"తెలియదు అనొచ్చు కదా."

"అదే నేనూ అనుకుంటున్నా. తెలుసు, చెప్పను అంటోంది. యజమానితో." అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "చెప్పకపోతే ఎవరూ నమ్మరని ఆయన అంటున్నాడు. నమ్మాల్సినవాళ్ళు నమ్మారు అంటోంది."

ఆవిడ ఫోన్ పెట్టేసి, నా వైపు తిరిగి, "యల్లా, పద, కస్టమర్ వచ్చాడు," అంది. నిజంగానే ఒక కస్టమర్ వచ్చి షాండ్లియర్ల కింద నిలబడి ఉన్నాడు.

కుళాయిలవాడు పోతూ పోతూ బయట నన్ను ఆపి, ఏ బిల్డింగో నీకు తెలుసు కదా అని అడిగాడు. నాకు ఆ పడవ మనిషి మీద జాలి లేదు. ఆ ముసలాయన గడ్డం మీంచి జ్యూస్ కారడం నేను వీడియోలో చూశాను. దొరికి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. కానీ చెప్పలేదు. చెప్తే, ఆవిడ అప్పుడే ఫోన్‌లో అన్న మాటకు విలువ ఉండదు. డెలివరీ కాగితాలు పాతవి, వెతకాలి అన్నాను. వెతికి చెప్తానన్నాను. మూడుసార్లు అడిగి మానేశాడు.

వారం గడువు అయిపోయింది. యజమాని వీసా కేన్సిల్ చేయలేదు. ఇంత మంచి మేనేజరు మళ్ళీ దొరకదని ఆయనకు తెలుసు. కానీ బజారులో ఆ షాపు ముందు ఆగి ఫొటోలు తీసుకునేవాళ్ళు ఎక్కువయ్యారని, ఆవిడను దూరంగా తూర్పు తీరాన ఉన్న ఫుజైరాకు పంపించాడు. ఆయనకు అక్కడ చిన్న షాపు ఒకటుంది. జీతం తగ్గించాడు. నేను దాని మీద పదిహేనో ఫిర్యాదు రాశాను, ఈసారి ఆవిడ తరఫున. తెరిచి ఉండడు.

ఊళ్ళో వాళ్ళమ్మ షట్టరుకు పొరుగువాళ్ళు మళ్ళీ రంగు వేయించారట. ఆ స్టూడెంటు గీతల కాగితాన్ని ఒక తండ్రి క్లాసు గ్రూపులో పెట్టాక పిల్ల స్కూలుకు వెళ్ళింది. అందరూ మాట్లాడరు, కొందరు మాట్లాడుతున్నారు అని ఆవిడ చెప్పింది. పడవ మనిషి ఎవరో చివరికీ తెలియలేదు. నెల తిరిగేసరికి జనం వేరే ఎవరినో వెతుకుతున్నారు.

మా ఆయన ఫుజైరా రేవులో ఓడలకు నూనె పట్టే కంపెనీలో పనిచేసేవాడు. సెలవుకు నేను వెళ్ళినప్పుడల్లా ఆవిడ షాపుకు వెళ్ళేదాన్ని. క్వారీ లారీలు పోయే రోడ్డు పక్కన షాపు. గంటకోసారి దీపాల మీద తెల్లటి దుమ్ము పేరుకుంటుంది. ఆవిడ కింద ఒక్కడే పనివాడు. వరుస కట్టడానికి కూడా మనుషులు లేరు.

వేసవిలో పాప వచ్చింది. నేను వెళ్ళేసరికి నిచ్చెన మెట్టు మీద కూర్చుని గాజు ముక్కలు తుడుస్తోంది, ఒక్కొక్కటి వెలుతురుకు ఎత్తి చూసి పెట్టెలో పెడుతోంది. ఆ చూపు తల్లిదే. తల్లి ఆమెకు నన్ను చూపించి వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. పిల్ల తుడిచే గుడ్డ కింద పెట్టి నన్ను పరిశీలనగా చూసింది.

"ఏం చెప్పారు?" అన్నాను.

"శనివారం నాతో ఉన్నది ఈమే అని చెప్పాను."

పిల్ల ఏదో అడిగింది. ఆవిడ నవ్వింది. ఆవిడ నవ్వగా నేను చూసినవి చాలా తక్కువ.

"ఇప్పుడు కూడా అరుస్తానా అని నిన్ను అడగమంటోంది."

"అరుస్తారని చెప్పండి," అన్నాను.

ఆవిడ ఒక్క ముక్క మార్చకుండా చెప్పింది. పిల్ల తల ఊపి, గుడ్డ తీసుకుని మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది. నేను కూడా సంచీ పక్కన పెట్టి ఇంకో గుడ్డ తీసుకున్నాను.